‘పాస్’ అనే మాట

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. ఆదాయ వ్యయాలు విన్నాము, రాజపూజ్య అవమానాలు విన్నాము. ఇక మా వంతు. ఉగాదినాడు ఏ కవిని గూర్చియో, ఏ కావ్యాన్ని గూర్చియో చెప్పక, పేకాట బల్ల దగ్గర వినబడే ఒక మాటను పట్టుకొని వచ్చాము. ఆ మాట ‘పాస్’. అది తెలుగుమాట కాదు గదా అని పెద్దలు కోపగించవద్దు. ఆ మాట నోట రాకుండా ఒక్క దినం గడపగలవారు ఈ సభలో ఎందరున్నారు? పిల్లవాడు పాసయ్యాడంటాము. బస్సు పాసు పోయిందంటాము. బ్యాంకు పాసుబుక్కు ఎక్కడ పెట్టావంటాము. ఆఫీసులో బిల్లు పాసుకాలేదంటాము. ఆదివారం ఏమిచేశావంటే ‘ఏదో టైంపాస్’ అంటాము. మాట ఒక్కటే, అర్థాలు మాత్రం ఒకదాని మొగం ఒకటి చూడవు.

అన్నిటికంటె వింత ఏమిటంటే, పరీక్షలో పాస్ అంటే గెలుపు; పేకాటలో పాస్ అంటే తప్పుకోవడం. ఒకే మాటకు ఇంత ఎడం ఎట్లా వచ్చింది? ఆ ఎడంలో మనబోటి ప్రవాసాంధ్రులకు పనికివచ్చే సంగతి ఏదైనా ఉన్నదా? ఇదే నేటి విషయం.

పండుగపూట జూదాన్ని గూర్చి ప్రసంగమా అనేవారికి ముందుగా ఒక మనవి. ఆంధ్రప్రదేశ్‌నుంచి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో, 1967లో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మేము చెప్పబోయే బ్రిడ్జి ఆటయితే 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో తొలిసారిగా చేరింది. పురుషుల జంట పోటీలో మన దేశానికే బంగారు పతకం వచ్చింది. గెలిచిన ఇద్దరిలో ఒకరికి అరవై ఏళ్ళు, మరొకరికి యాభైఆరు. కనుక ముందు వరుసలోని పెద్దలు నిరాశపడనక్కరలేదు.

బ్రిడ్జి తెలియనివారికోసం రెండు మాటలు. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. 52 ముక్కలు తలా 13 పంచుతారు. ఆటకు ముందు పాట ఉంటుంది. పాట అంటే త్యాగరాజ కీర్తన కాదు, వేలంపాట. ‘మా జట్టు ఇన్ని పట్లు పడుతుంది, ఫలానా రంగు తురుఫు కావాలి’ అని వరుసగా పాడతారు. రంగులలో కళావరు అన్నిటికంటె చిన్నది. ఆపైన డైమను, దానిపైన ఆఠీను, అందరికీ పైన ఇస్పేటు. ముక్కలు చూచుకొని, పాడే బలం తనకు లేదనుకొన్నవాడు ‘పాస్’ అంటాడు. ఇంగ్లండులో ‘నో బిడ్’ అని కూడా అనేవారు. ‘ఈ తడవకు నన్ను వదిలిపెట్టండి బాబూ’ అని దాని తాత్పర్యం.

అయితే పాస్ అన్నవాడు ఏమీ చెప్పలేదని అనుకోరాదు. ‘నా దగ్గర ఆసులు, రాజులు అంతగా లేవు’ అని అతడు నలుగురికీ చాటినట్టే. ఆ మాటను ఒకడు టక్కున అంటాడు, ఒకడు దీర్ఘం తీసి నిట్టూర్చుతాడు. ఆ నిట్టూర్పులో భాగస్వామికి కొంత సమాచారం అందిపోతుంది. ఈ బాధ లేకుండా, పెద్ద పోటీలలో నోటితో పాడటం మానిపించి, ప్రతివారి దగ్గరా ఒక పెట్టెలో అట్టలు ఉంచారు. పాడదలచినది ఏదో ఆ అట్ట తీసి బల్లమీద పెట్టాలి. పాస్ అట్ట రంగు ఆకుపచ్చ. రైలుకు దారి ఇచ్చే జెండా రంగే!

రైలుకు దారి ఇవ్వడం అన్నాము. మాట పుట్టుక అక్కడే ఉన్నది. లాటిను భాషలో ‘పస్సుస్’ అంటే అడుగు. రోమనులు రెండడుగులను కలిపి ఒక ‘పస్సుస్’గా లెక్కించి, అటువంటివి వెయ్యి నడిస్తే ఒక మైలు అన్నారు. మైలు అనే మాటకు మూలం ఆ ‘వెయ్యి’యే. ఆ అడుగే ఫ్రెంచిలో ‘పాసే’ అనే క్రియ అయి, ఇంగ్లీషులో ‘పాస్’ అయింది. అనగా అడుగు వేయడం, ముందుకు సాగడం, దాటిపోవడం. పాసెంజరు, పాసేజి, పాస్‌పోర్టు అన్నీ ఆ కుటుంబం పిల్లలే.

ఇప్పుడు చిక్కు విడిపోతుంది. దాటడం రెండుచోట్లా ఉన్నది. దాటేది ఎవరు అన్నదే భేదం. పరీక్షలో అడ్డును మనం దాటుతాము. పేకాటలో అవకాశం మనలను దాటిపోతుంది. అక్కడ నడిచేది మనం, ఇక్కడ నిలిచిపోయేది మనం. ‘పాస్’ అనే మాట ఎక్కడ వినబడ్డా, ఎవరు నడిచారు, ఎవరు నిలిచారు అని ఒక్కసారి అడిగి చూడండి. అర్థం దానంతట అదే తేలుతుంది.

ఈ ఊహ మన భాషలకూ కొత్తది కాదు. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడంటాము. ‘తీర్ణ’ అంటే దాటిన అని. తరించడం, తీర్థం, అవతారం అన్నీ ఆ ధాతువునుంచి వచ్చినవే. తీర్థమంటే మొదట ఏరు దాటే రేవు. అచ్చతెలుగులో ‘గట్టెక్కాడు’ అంటాము. ఏరు దాటి గట్టుమీదికి వచ్చాడని. లాటినువాడు నేలమీద అడుగులు లెక్కపెడితే, మనవాడు నీళ్ళలో ఈది ఒడ్డు చేరాడు. పరీక్ష పోయినవాణ్ణి మాత్రం ‘తప్పాడు’ అంటాము. చూడండి, పేకాటలో పాస్ అన్నవాడూ ‘తప్పుకొన్నాడు’. పరీక్షలో పాస్‌కు ఎదురు మాట, పేకాటలో పాస్‌కు అర్థం, రెండూ తెలుగులో ఒక్క ‘తప్పు’ నుంచే వచ్చాయి!

యానాం మిత్రులు ఎవరైనా ఉంటే వారికి ఇంకొక తమాషా తెలిసే ఉంటుంది. ఫ్రెంచిలో పరీక్ష ‘పాసే’ అంటే పరీక్షకు కూర్చోవడం మాత్రమే. నెగ్గాడో లేదో ఆ మాట చెప్పదు. నెగ్గడానికి వేరే మాట ఉన్నది. ఫ్రెంచి బడిలో చదివిన పిల్లవాడు ‘పరీక్ష పాసే చేశాను’ అంటే, ఇంగ్లీషు బడిలో చదివిన మేనమామ మిఠాయి పంచిపెట్టే ప్రమాదం ఉన్నది. పోనీ ఇంగ్లీషు చదువులలోనైనా ఈ మాటకు ఎప్పుడూ గౌరవమేనా అంటే, అదీ లేదు. విశ్వవిద్యాలయాలలో ‘ఆనర్సు’ ఒక మెట్టు, ‘పాస్’ డిగ్రీ దానికి కింద మెట్టు. అక్కడ పాస్ అంటే గట్టెక్కాడు గాని పల్లకి ఎక్కలేదని.

కొండలలోకి వెళ్ళితే పాస్ అంటే కనుమ. సంక్రాంతి మూడోనాటి కనుమ కాదు, రెండు కొండల నడిమి దారి. చిత్తూరు సీమలో దామలచెరువు కనుమ ఉన్నది. 1740లో రఘూజీ భోంస్లే నడిపిన మరాఠా సేనను ఆర్కాటు నవాబు దోస్త్ అలీ అక్కడ అడ్డుకోబోయి ప్రాణాలు పోగొట్టుకొన్నాడు. కనుమ చేతిలో ఉన్నవాడికి కింది సీమ అంతా చేతిలో ఉన్నట్టే. ఇక్కడొక చమత్కారం చూడండి. ఘాట్ అన్నా, కనుమ అన్నా అసలు అర్థం దారి. కాని వాడుకలో తూర్పు కనుమలు, పడమటి కనుమలు అంటే ఇప్పుడు కొండల వరుస! అడ్డును దాటించే దారి పేరు, అడ్డుకే పేరయింది. షోలాపురంనుంచి బొంబాయికి వెళ్ళే మనవారు భోర్ ఘాట్ దిగేటప్పుడు ఈ మాట జ్ఞాపకం చేసుకోవచ్చు. ఆ ఘాట్‌మీద రైలుదారి 1863లో తెరిచారు. మగ్గం వదిలి మిల్లుకు, పల్లె వదిలి పట్నానికి ఎందరు తెలుగువారు ఆ దారిని దాటారో!

దారి అన్న తరువాత కాగితం కావాలి. అది మరొక పాసు. రైల్వే ఉద్యోగుల ఇండ్లలో పాసు అంటే వేసవి సెలవులలో తాతగారి ఊరు. బొంబాయి లోకల్ రైళ్ళలో నెలవారీ టిక్కెట్టే పాసు. రైతుకు పట్టాదారు పాసుపుస్తకం. అందుకు ఆంధ్రప్రదేశ్‌లో 1971లో చట్టం వచ్చింది. దేశం దాటేవారికి పాస్‌పోర్టు. దానికి 1967 నాటి చట్టం. ఇవన్నీ మనకు దారి తెరిచే కాగితాలు.

కాని దారి మూసే పాసులు కూడా లోకంలో ఉండేవి. 1860లో మద్రాసునుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. ఆనాటినుంచి నేటాలు చెరుకు తోటలకు వెళ్ళిన కూలీలలో తెలుగువారు చాలామంది ఉన్నారు. వారు తోట హద్దు దాటాలంటే దొర వ్రాసి ఇచ్చిన చీటీ చేతిలో ఉండాలి. లేకుంటే ఖైదు. ట్రాన్స్‌వాలులో భారతీయులందరూ నమోదుపత్రాలు పుచ్చుకోవాలన్నప్పుడు, గాంధీగారి నాయకత్వాన 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గులో ఆ పత్రాలను మంటలో వేశారు. అక్కడి నల్లవారిమీద పెట్టిన పాసు చట్టాలు ఇంకా కఠినమైనవి. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో వాటిని ధిక్కరించి గుమికూడినవారిమీద పోలీసులు కాల్పులు జరుపగా 69 మంది చనిపోయారు. ఆ చట్టాలు 1986లో గాని రద్దుకాలేదు. ఒకే మాట ఒకడి చేతిలో తాళంచెవి, ఒకడి కాలికి సంకెల. అటువంటి గడ్డమీద కూడా మన తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకొని భాషను కాపాడుకొన్నారని మరువరాదు. వారి కష్టంతో పోల్చితే మన ప్రవాసం పూలపానుపు.

ఆటస్థలానికి వస్తే ఈ మాట మనసే మారిపోతుంది. ఫుట్‌బాలులో పాస్ అంటే బంతిని తోటివాడికి అందించడం. హైదరాబాదు రహీంగారు శిక్షణ ఇచ్చిన మన జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం సంపాదించింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ ఆటలో పాస్ చేయనివాణ్ణి స్వార్థపరుడంటారు. పేకాటలో పాస్ అన్నవాడు చేతులు ముడుచుకొంటాడు. బంతాటలో పాస్ చేసినవాడు చేతిలోది, సరిగా చెప్పాలంటే కాలిదగ్గరది, మరొకరికి ఇస్తాడు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని ఉన్నది.

టైంపాస్ సంగతి ఒక్క ముక్కలో చెప్పి సాగుతాము. దానికి మన మాట కాలక్షేపం. ఈ మాటను ఇప్పుడు తేలికగా వాడుతున్నాము గాని, అరవదేశంలో వైష్ణవుల ఇండ్లలో కాలక్షేపం అంటే గురుముఖంగా శాస్త్రశ్రవణం. కథాకాలక్షేపం అంటే హరికథ. ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జె కట్టి నిలిస్తే తెల్లవారేది తెలియదని మన పెద్దలు చెప్పుకొనేవారు. కాలం ఎటూ గడుస్తుంది. ఊరికే గడిచిందా, మనకు ఏదైనా ఇచ్చి గడిచిందా అన్నదే ప్రశ్న.

ఇక చట్టసభలో పాస్. అది మన గుమ్మందాకా వచ్చిన మాట. ఈ సభలో ఉన్న కుటుంబాలు కొన్ని పొట్టచేత పట్టుకొని వలస వచ్చినవి. కొన్ని ఎక్కడికీ కదలలేదు, సరిహద్దే కదిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం తెలుగువారు ఉన్నచోటనే ఉండి మద్రాసు రాష్ట్రంనుంచి అటు వెళ్ళారు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో చేరింది. 1956లో రాష్ట్రాల పునర్విభజన బిల్లు పాసయి, నవంబరు 1న కొత్త గీతలు అమలులోకి వచ్చాయి. ఢిల్లీలో పాసయిన బిల్లు, పెరటి గోడ అవతలికి తెలుగుదేశాన్ని జరిపింది.

అదే ఏడు మరొకటి కూడా పాసయింది. దాన్ని మనలో చాలామంది తలచరు. రాజ్యాంగానికి ఏడో సవరణ చేసి 350-ఏ అనే అధికరణాన్ని చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పడానికి రాష్ట్రాలు తగిన సౌకర్యాలు కల్పించ ప్రయత్నించాలని దాని సారం. అంతకుముందే, 1949 ఆగస్టులో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది. బడి మొత్తంమీద నలభైమంది, లేదా ఒక తరగతిలో పదిమంది ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని.

పదిమంది! ఈ అంకెమీద మీ దృష్టి నిలపండి. తొమ్మిది ఇండ్లవారు మా పిల్లకు తెలుగు కావాలని వ్రాసి, పదో ఇంటివారు ‘ఎందుకులెండి, ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాము గదా’ అని పాస్ అన్నారనుకోండి. ఆ పాస్ ఒక్క ఇంటితో పోదు. తొమ్మిది ఇండ్ల పలకలనూ పట్టుకొనిపోతుంది. ప్రభుత్వం బిల్లు పాసు చేసింది, మనం మన వంతు వచ్చినప్పుడు పాస్ అన్నాము. రెండూ పాసులే. ఒకటి దారి తెరిచింది, ఒకటి దానిలో నడవవలసినవారు నిలిచిపోవడం.

ఇంట్లో మాట్లాడడం చాలదా అని అడుగుతారు. చాలదు. మాట్లాడే తెలుగు ఒక తరానికి వస్తుంది, చదివే తెలుగు అనేక తరాలకు వస్తుంది. బామ్మ వ్రాసిపెట్టిన వంటల పుస్తకం, తాతగారు దాచిన భూమి దస్తావేజు, పెండ్లినాటి శుభలేఖ ఇంట్లోనే ఉండి, వాటిని చదివేవారు ఇంట్లో లేకపోతే ఆ ఇంటికి ఎంత లోటు! ఇరుగుపొరుగు భాషలమీద మాకు రవ్వంత కినుక లేదు. కన్నడం, తమిళం, ఒరియా, మరాఠీ మనకు అన్నం పెట్టిన భాషలు. వాటిని బాగుగా నేర్వనివాడు ఏ భాషనూ ప్రేమించలేడు. మన ప్రతిపక్షం ఆ భాషలు కావు. ‘తీరిక లేదు’ అనే మన మాటే మన ప్రతిపక్షం.

ఇందుకే మళ్ళీ బ్రిడ్జి బల్ల దగ్గరికి వస్తున్నాము. ఆ ఆట పాటలో మూడు నియమాలున్నవి. ప్రవాసంలో ఉన్న ప్రతి ఇల్లూ వాటిని గోడమీద వ్రాసుకోదగినవి.

మొదటిది. పంచగానే నలుగురికి నలుగురూ పాస్ అంటే ఇక ఆటే లేదు. ఎవరికీ ఒక్క పాయింటు లేదు, ముక్కలు మళ్ళీ పెట్టెలోకి. నాయనమ్మ, తండ్రి, తల్లి, బిడ్డ నలుగురూ ‘మరొకరు చూస్తారులే’ అనుకొన్న ఇంట్లో తెలుగు గతి ఇదే. ఎవరూ దాన్ని చంపరు, ఎవరూ ఎత్తుకోరు.

రెండోది. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున ముక్కలన్నిటిలో 40 పాయింట్లుంటాయి. మొదట పాట ఎత్తుకొనడానికి సుమారు పన్నెండో పదమూడో చేతిలో ఉండాలి. కాని భాగస్వామి పాట ఎత్తుకొన్న తరువాత, దాన్ని నిలబెట్టడానికి ఆరు చాలు! ‘మాకే తెలుగు అంతంత మాత్రం, పిల్లలకేమి చెప్పగలము’ అనే తల్లిదండ్రులకు ఇదే మా జవాబు. నాయనమ్మ కథ ఎత్తుకొన్నదా? మీ ఆరు పాయింట్లతో ‘ఊఁ’ కొట్టండి. పిల్లవాడు అ ఆలు దిద్దుతుంటే పక్కన కూర్చోండి. పండితులు కానక్కరలేదు, పాస్ అనకుంటే చాలు.

మూడోది. కొన్ని ఆటలలో ఒకసారి పాస్ అన్నవాడు మరి పాడరాదు. బ్రిడ్జిలో అట్లా కాదు. ఒకరు పాడిన తరువాత వరుసగా ముగ్గురు పాస్ అనేవరకు పాట తెరిచే ఉంటుంది. అంతవరకు, ముందు పాస్ అన్నవాడు కూడా తన వంతు రాగానే మళ్ళీ పాడవచ్చు. మన ఇండ్లలో పెద్దపిల్లకు తెలుగు నేర్పలేకపోయినవారుంటారు, చిన్నవాడున్నాడు. కొడుక్కు నేర్పనివారికి మనుమడున్నాడు. మన సంఘంలో ఆదివారం తరగతికి పలక పట్టుకొని రావడానికి ఏ వయస్సువారికీ అడ్డు లేదు. పాట ఇంకా మూయలేదు.

చివరగా ఒక మాట. ఇంగ్లీషు పాస్‌తో సంబంధమేమీ లేకపోయినా, వినడానికి అట్లాగే ఉండే అచ్చతెలుగు మాట ఒకటి మన దగ్గర ఉన్నది. పాయు అంటే విడిపోవు, ‘పాసి’ అంటే విడిచి. ఎడబాసి అనేది దానినుంచే. మన పెద్దలు ఊరు పాసి వచ్చారు, బంధువులను పాసి వచ్చారు, కొందరిని ఊరే పాసిపోయింది. ఇన్నింటిని పాసినవారు పాయక తెచ్చుకొన్నది నోటిలోని మాట ఒక్కటే. దాన్ని పేకాటవాడిలాగా పాస్ అని దాటవేయకుండా, బంతాటవాడిలాగా వెనుక వచ్చేవారికి పాస్ చేసి అందించాలని మా కోరిక.

ఉగాది పచ్చడి అందరికీ అందుతున్నది. అందులో చేదు తగిలినా ఎవరూ పాస్ అనవద్దు.